ఎవరు ఎక్కడ భోంచేస్తారు?

సంఘాల చరిత్రను మనం సాధారణంగా తీర్మానాలను బట్టి, అధ్యక్షోపన్యాసాలను బట్టి అంచనా వేస్తూ ఉంటాం. మహాసభల్లో ఎవరికి ఏ గది దొరికింది, ఎవరు ఏ పంక్తిలో భోంచేశారు, ఎవరు సభ మధ్యలోనే బస్సెక్కి వెళ్లిపోయారు అన్న సంగతులు సావనీర్లలోకి ఎక్కవు. ఒక సంఘం ఏపాటి ప్రజాస్వామికమో తేల్చేవి మాత్రం ఇవే. నేను ఈ అభిప్రాయానికి రావడానికి అమెరికాలోని ఒక చరిత్రకారుల సంఘం కథ ఒక కారణం. నేను పనిచేసిన సంఘంలో జరిగిన ఒక సంగతి మరొక కారణం. మొదటిది ముందు చెబుతాను.

1939లో జాన్ హోప్ ఫ్రాంక్లిన్ అనే నల్లజాతి యువ పరిశోధకుడు నార్త్ కరోలినా రాష్ట్ర రాజధాని రాలీలోని ప్రభుత్వ పత్రాల భాండాగారానికి వెళ్లాడు. ఒక నల్లవాడు అక్కడ కూర్చుని చదువుకుంటాడని ఆ భవనం కట్టినవాళ్లు ఊహించనే లేదని అధికారి చెప్పి, ఏర్పాట్లకు వారం గడువు అడిగాడు. చివరికి తెల్లవారి పఠనమందిరానికి ఎడంగా ఒక చిన్న గది ఇచ్చారు. తెల్లజాతి నౌకర్లు నల్లవాడికి కాగితాలు మోసుకురావడం మర్యాద కాదు గనక, దస్తావేజులున్న గదుల తాళంచెవి ఆయనకే ఇచ్చారు. అది చూసిన తెల్లజాతి పరిశోధకులు వివక్ష తమమీదే జరుగుతోందని, తమకూ తాళంచెవులు కావాలని ఫిర్యాదు చేశారు! తాళంచెవి వెనక్కి పోయింది. నౌకర్లే ఆయనకు కాగితాలు తెచ్చిపెట్టవలసి వచ్చింది. వివక్షకు సొంత తర్కమంటూ ఏదీ లేదనీ, పైవాడి సౌకర్యమే దాని తర్కమనీ ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

దక్షిణ అమెరికా రాష్ట్రాల చరిత్ర అధ్యయనానికి 1934లో సదరన్ హిస్టారికల్ అసోసియేషన్ ఏర్పడింది. చందా కట్టిన నల్లజాతి పండితులు అందులో సభ్యులుగా ఉండేవారు. అయితే వార్షిక సభలు జరిగేది హోటళ్లలో. ఆ హోటళ్లలో నల్లవారికి గది లేదు, భోజనం లేదు. అంటే సంఘం తలుపు తెరిచే ఉంది, భోజనశాల తలుపే మూసి ఉంది. ఇది మా నియమం కాదు, ఊరి కట్టుబాటు అని పెద్దలు చేతులు దులుపుకోవడానికి ఇంతకంటే అనువైన ఏర్పాటు ఉండదు.

1949లో విలియమ్స్‌బర్గ్ సభకు కార్యక్రమ సంఘం బాధ్యుడు సి. వాన్ వుడ్‌వర్డ్ అనే తెల్లజాతి చరిత్రకారుడు. పత్రం సమర్పించమని ఆయన ఫ్రాంక్లిన్‌ను ఆహ్వానించాడు. అప్పటికి రెండేళ్ల కిందటే ఫ్రాంక్లిన్ రాసిన నల్లజాతి చరిత్ర వెలువడి ఉంది. ఆయన పాండిత్యాన్ని ఎవరూ శంకించలేదు. ఆయన ఎక్కడ పడుకుంటాడు, ఎక్కడ తింటాడు అన్నదే ప్రశ్న! పట్టుదలగా నిలిచినవాళ్లు కొందరైనా ఉండబట్టి ఆ పత్రం చదవడం జరిగింది.

1955 నవంబరులో అదే సంఘం మెంఫిస్‌లో సమావేశమైంది. బడుల్లో వర్ణవేర్పాటు చెల్లదన్న 1954 సుప్రీంకోర్టు తీర్పు మీద చర్చ పెట్టారు. నల్లజాతి విద్యావేత్త బెంజమిన్ మేస్‌తో పాటు నవలాకారుడు విలియం ఫాక్‌నర్ ఆ వేదిక మీద వేర్పాటుకు వ్యతిరేకంగా మాట్లాడాడు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన సొంత రాష్ట్రం మిసిసిపీలో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి బాలుణ్ణి చంపారు. ఆ వాతావరణంలో అలా మాట్లాడటం తక్కువ సాహసం కాదు. కాని మరుసటి ఏడాదే అదే ఫాక్‌నర్ కొంచెం ఆగండి, నెమ్మదిగా వెళ్లండి అంటూ ఉద్యమకారులకు పత్రికాముఖంగా హితవు చెప్పాడు. రచయితల ఉదారత్వం ఎక్కడ ఆగిపోతుందో సాహిత్య విద్యార్థులు ఇక్కడ గమనించాలి.

ఉద్యమం ఆగలేదు. 1960 ఫిబ్రవరి 1న అదే నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవారికే పరిమితమైన ఫలహారపు బల్ల దగ్గర కూర్చున్నారు. ఎవరు ఎక్కడ భోంచేస్తారన్న ప్రశ్నను వాళ్లు వీధిలోకి తెచ్చారు. 1964 పౌరహక్కుల చట్టం హోటళ్లలో వేర్పాటును నిషేధించింది. 1971లో ఆ సంఘ సభలో అధ్యక్షోపన్యాసం చేసినవాడు ఫ్రాంక్లినే. పండితులు తమంతట తాము తెరవని తలుపును విద్యార్థులు తెరిచారన్నది ఇందులోని చారిత్రక సత్యం.

అయితే ఒక తలుపు తెరుచుకుంటే అన్నీ తెరుచుకోవు. 1884లో పుట్టిన అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్‌కు మొదటి మహిళా అధ్యక్షురాలు నెల్లీ నీల్సన్ 1943లో వచ్చింది. రెండో ఆమె నటలీ డేవిస్ రావడానికి 1987 దాకా పట్టింది. ఇక సభల్లో స్త్రీలకు ఎదురయ్యే వేధింపు సంగతి చాలాకాలం ఎవరి నిబంధనావళిలోనూ లేదు. 1863లో ఏర్పడిన అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీలో సభ్యత్వం జీవితాంతం. ఎంత ఘోరం చేసినా సభ్యుణ్ణి తొలగించే వీలు 2019లో గాని రాలేదు. 2021లో లైంగిక వేధింపు కారణంగా మొదటి బహిష్కరణలు జరిగాయి. అప్పటిదాకా పాండిత్యమే కవచం.

ఇదంతా అమెరికా గొడవ అనుకుందామా? మహాకవి జాషువా కులం కారణంగా సాహిత్య సభల్లో పడ్డ అవమానాలు మన చరిత్రే. ఇక నా సంగతి. చాలా ఏళ్ల కిందట నేను కార్యకర్తగా ఉన్న ఒక సంఘం సభల్లో ఒక పరిశోధక విద్యార్థిని నా దగ్గరకు వచ్చింది. రాత్రి బసలో ఒక పెద్దకవి ప్రవర్తన గురించి చెప్పింది. “ఆయన్ని మీరు అడగరా మాస్టారూ?” అంది. పొద్దున్నే ఆయనది ప్రారంభోపన్యాసం. “పెద్దాయనమ్మా, సభ అయిపోనీ, చూద్దాం” అన్నాను. సభ అయిపోయింది. నేను చూడలేదు. ఆమె మళ్లీ ఏ సభకూ రాలేదు. ఆ సభ చేసిన తీర్మానాలలో స్త్రీ విమోచన మీద ఒకటి ఉంది. దాని ముసాయిదా రాసింది నేనే.

ఊరి కట్టుబాటు అన్న ఆ చరిత్రకారులకూ, సభ అయిపోనీ అన్న నాకూ తేడా ఏముంది?

చట్టం ఉంది కదా అంటారు. 1997 విశాఖ తీర్పు, 2013 చట్టం పెద్ద విజయాలే. కాని పదిమంది, అంతకు మించి పనివాళ్లున్న చోటనే అంతర్గత కమిటీ తప్పనిసరి. మన సంఘాలలో ఉన్నది జీతగాళ్లు కాదు, సభ్యులు. కనుక ఆ బాధ్యత మనమే నెత్తిన వేసుకోవాలి. ఫిర్యాదు ఎవరికి చెప్పాలో ఆహ్వానపత్రంలోనే అచ్చు వేయాలి. విచారించేవారిలో సగానికి పైగా స్త్రీలుండాలి, దళితులుండాలి, సంఘానికి బయటివారు ఒకరైనా ఉండాలి. విచారణకు గడువుండాలి. ఫిర్యాదు చేసినవారి రచన పత్రికలో ఆగిపోకూడదు. తప్పు తేలితే ఎంతటి కవినైనా వేదిక దించే అధికారం నిబంధనావళిలో ఉండాలి.

సంఘం పరువు పోతుందని కొందరు భయపడతారు. ఆమె బస్సెక్కిన పొద్దునే అది పోయింది. దాన్ని తిరిగి తెచ్చుకోవడం ఎలాగన్నదే మన ముందున్న ప్రశ్న.