కంపవాతమును తాళమును

వృద్ధుడైన తండ్రి వాకిటనుండి ఇంటిలోనికి వచ్చుచు గడపయొద్ద హఠాత్తుగా నిలిచిపోవుట మీలో కొందరు చూచియే యుందురు. పాదములు నేలకు అతికించినట్లుండును. “రారేమి?” అని ఇంటివారు విసుగుకొందురు. ఆయనకు బలము లేక కాదు, ఇష్టము లేక కాదు. కంపవాతమను రోగమున ఇట్లు జరుగుచుండును. చేయి వణకుట అందరెరిగినదే. కాలు నిలిచిపోవు సంగతి పలువు రెరుగరు. అట్లు నిలిచిన కాలు తాళము విన్నచో కదలుట కలదని వైద్యులు గ్రహించిన విధము మనవి చేసెదను.

1817వ సంవత్సరమున లండను వైద్యుడు జేమ్సు పార్కిన్సను ఈ రోగమునుగూర్చి యొక చిన్న పుస్తకము ప్రకటించెను. అందు వర్ణింపబడిన రోగు లార్గురే. వారిలోను కొందరిని ఆయన వీధిలో చూచినవాడే కాని చికిత్స చేసినవాడు కాడు. నేటికిని ఆ రోగమును ఆయన పేరుతోనే పిలుచుచున్నారు. మెదడునడుమ నల్లని కణములు కొన్ని గలవు. అవి నశించిన కొలది డోపమిను అను ద్రవ్యము తరుగును. దానితో మనము తలపోయకయే చేయు పనులన్నియు, నడకయు, గుండీ పెట్టుకొనుటయు, తుదకు సంతకము చేయుటయు, కష్టమగును.

మన వైద్యులు వాతరోగములకు దూలగొండి గింజలు వాడుచుండిరి. 1937లో మదరాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు ఆ గింజలనుండి లెవొడోపా అను పదార్థమును వేరుపరచిరి. అదియే కంపవాతమునకు మందగునని తేలుటకు మరి ఇరువదియేండ్లకు పైగా పట్టెను. (ఇది విని ఎవరును గింజలు నూరుకొనవలదు, మోతాదు వైద్యుడే నిర్ణయింపవలెను.)

ఆ మందుకన్న ముందే సంగీతము పనిచేయుట చూచిన వైద్యుడొకడు గలడు. 1966లో ఆలివర్ సాక్సు న్యూయార్కులోని బెత్ ఏబ్రహాం ఆసుపత్రిలో చేరెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున వ్యాపింపసాగిన నిద్రారోగమువలన ఇట్టి వాతమే సంక్రమించి, దశాబ్దములుగా బొమ్మలవలె కూర్చుండిన వారు అక్కడ పెక్కుమంది యుండిరి. ఒక్క అడుగు వేయలేనివారిలో కొందరు పాట వినబడినంతనే ఆడుటయు, మాట పెగలనివారు పాడుటయు ఆయన కన్నులార చూచెను. పాట ఆగెనా, వారును ఆగుదురు! 1969లో వారికి లెవొడోపా ఇచ్చి, ఆ వృత్తాంతమును 1973లో గ్రంథముగా వెలువరించెను. లోకము ఆ మందును చూచి ఆశ్చర్యపడినది. నాకు మాత్రము ఆ పాటయే మిక్కిలి వింతగా తోచును.

చూచినది చాలదు, కొలువవలెను గదా. 1996లో అమెరికాలోని కొలరాడో పండితులు రోగులను మూడు వారములపాటు తాళము వినిపించుచు నడిపించిరి. నడకవేగము నూటికి 25 పాళ్లు పెరిగెను. లోపలి తాళము తప్పినవానికి వెలుపలి తాళము ఊతయగుచున్నదని వారి అభిప్రాయము. 2001లో బ్రుక్లినున మార్కు మారిసు నాట్యబృందమువారు ఇట్టి రోగులకు నాట్యపాఠములు ప్రారంభించిరి. పిమ్మట మన దేశమున పూనా నగరమందును అట్టి పాఠములు నడచినవి.

నాట్యము రోగమును మాన్పదు, మందు మానరాదు. అయినను భజనలో తాళమునకు అడుగు కలుపుట బాల్యమునుండి యెరిగిన మన పెద్దలకు ఈ ఊత క్రొత్తది కాదు. గడపయొద్ద తండ్రి నిలిచినప్పుడు చేయిపట్టి లాగినచో పడిపోవచ్చును. ప్రక్కన నిలిచి, చేతితో మెల్లగా తాళము వేసి, ఆయన యెరిగిన కీర్తన యెత్తుకొని చూడుడు. అందరికిని ఫలించునని చెప్పజాలను, పెక్కుమందికి ఫలించినది. తూలువారిని కోలాటపు వలయములో నిలుపరాదు. వారిని కుర్చీపై కూర్చుండబెట్టి చిడతలిచ్చిన చాలును. బ్రుక్లినులోను పాఠము కుర్చీలమీదనే మొదలగుచుండెను.