బండి పేరుతో పుట్టిన పద్ధతి: మన భవనం ప్లానుకు ముందు తెలుసుకోవలసిన కథ



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. పెళ్ళిళ్ళు చేసుకోవడానికి భవనం కట్టే సంఘానికి ఆ రెండు కష్టాలూ ఒకేసారి వస్తాయి. ప్లాను ఎక్కడో ఒక ఆఫీసులో తయారవుతుంది, కమిటీ సంతకం పెడుతుంది. గోడలు లేచాక గానీ వంటశాల చాలదనీ, పెద్దవాళ్ళు మెట్లెక్కలేరనీ, పిల్లల తెలుగు తరగతికి గదే లేదనీ తెలియదు. ఇక అక్కడి నుంచి మాటామాటా.

ఈ చిక్కుకు విరుగుడుగా వాస్తుశిల్పులు వాడే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు షారెట్. ఫ్రెంచిలో ఆ మాటకు బండి అని అర్థం. 1954 దాకా ఫ్రెంచి పాలన చూసిన యానాంలో, ఆ కాలపు బడుల్లో చదివిన పెద్దలకు ఈ మాట కొత్త కాదు.

19వ శతాబ్దంలో పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ విద్యార్థులు భవనాల నమూనాలు గీసి గడువులోగా ఇవ్వాలి. ఆ రోజున బొమ్మలు పోగుచేయడానికి బండి వచ్చేది. పని పూర్తికాని వాళ్ళు బండితో పాటే పోతూ చివరి గీతలు గీసేవారని చెప్పుకుంటారు. అలా గడువు ముందు పడే హడావుడికి షారెట్ అన్న పేరు స్థిరపడింది. అప్పటికి అందులో జనం ప్రమేయం లేదు. ఎవరి బొమ్మ వారిదే.

జనం మధ్య కూర్చుని గీసే పని 1948లో అమెరికాలో, ఓక్లహోమా రాష్ట్రంలోని బ్లాక్‌వెల్ అనే చిన్న ఊళ్ళో జరిగింది. అక్కడి బడుల ప్లాను పని టెక్సాస్‌లో ఉండే విలియం కాడిల్ బృందానికి వచ్చింది. ఊరికీ ఆఫీసుకీ మధ్య వందల మైళ్ళు. ప్రతి చిన్న మార్పుకూ ప్రయాణమే. చివరికి ఆ బృందం గీత బల్లలతో సహా వెళ్ళి బడి బోర్డువారి గదిలోనే తిష్ఠ వేసింది. చూసేవాళ్ళు చూస్తుండగానే గీశారు, కాదన్నది అక్కడికక్కడే మార్చారు. ఒప్పందం కుదిరాకే కదిలారు. తర్వాత ఆ సంస్థ తన పద్ధతికి పెట్టుకున్న పేరు కూడా అదే: స్క్వాటర్స్, అంటే తిష్ఠ వేసినవాళ్ళు.

1967లో అమెరికా వాస్తుశిల్పుల సంఘం ఇదే తీరులో బయటి నిపుణుల బృందాన్ని దక్షిణ డకోటాలోని రాపిడ్ సిటీకి పంపింది. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళకు అలాంటి బృందాలు వెళ్ళాయి. వాటికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. సభ్యులు జీతం తీసుకోరు. తాము ఇచ్చిన సలహా వల్ల పుట్టే కాంట్రాక్టు పనీ తీసుకోరు. సలహాకు విలువ వచ్చింది ఆ కట్టుబాటు వల్లే.

ఇక 2005. ఆగస్టు 29న కత్రినా తుపాను మిసిసిపీ తీరాన్ని ఊడ్చేసింది. అక్టోబరులో గవర్నరు హేలీ బార్బర్ పిలుపుతో, ఆండ్రెస్ డ్వానీ నాయకత్వంలో సుమారు 200 మంది నిపుణులు బిలాక్సీలో వారం రోజులు కూర్చుని 11 ఊళ్ళకు ప్లాన్లు గీశారు. మేరియాన్ కుసాటో గీసిన 308 చదరపు అడుగుల కత్రినా కాటేజీ ఆ కదలికలో నుంచి వచ్చినదే. తాత్కాలిక ట్రెయిలరుకు బదులు గౌరవంగా బతకగలిగే చిన్న ఇల్లు అది.

అయితే గట్టి విమర్శా వచ్చింది. ఇళ్ళు పోయి చెల్లాచెదురైన జనంలో చాలామంది ఆ గదిదాకా రాలేకపోయారు. పైగా ఆ తర్వాత వరద మట్టాల లెక్కలు మారి, ఇళ్ళు ఇంకా ఎత్తున కట్టాలన్న నిబంధన వచ్చిపడింది. గీసిన ప్లాన్లు కొన్ని చిక్కులో పడ్డాయి.

ఈ రెండు ఊళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు అర్థమైనది ఇది. వేగంగా గీయడం షారెట్ బలం కాదు. తేల్చేవాళ్ళూ వాడుకునేవాళ్ళూ ఒకే గదిలో ఉండడం, కొలతలూ డబ్బు లెక్కా నిబంధనలూ ముందే బల్ల మీద ఉండడం, ఈరోజు చెప్పిన మాట రేపటి బొమ్మలో కనబడడం, ఇవే దాని బలం. పదిమంది చేరితే పని తెమలదనే మిత్రులకు బ్లాక్‌వెల్ జవాబు చెబుతుంది. రాకపోకలతో తెమలని పని, అందరూ ఒకచోట కూర్చుంటే తెమిలింది.

అందుకే మా ప్రతిపాదన. మన భవనం ప్లాను మీద సంతకాలు పడేముందు నాలుగు రోజులు అందరం ఒక హాల్లో కూర్చుందాం. వంటమేస్త్రీ రావాలి, తెలుగు నేర్పే టీచరమ్మ రావాలి, మోకాళ్ళ నొప్పుల పెద్దలు రావాలి, దూరపు పేటల్లో ఉండే మనవాళ్ళకు రానుపోను బండి పెట్టాలి. సలహా ఇచ్చే ఇంజినీరు కాంట్రాక్టుకు పోటీ పడకూడదు. నెలనెలా వంద రూపాయలు చందా కట్టినవారికి ఇటుకల్లో వాటా ఉన్నట్టే, గీతలోనూ వాటా ఉండాలి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మాట పెడుతున్నాం. అందరూ వచ్చి మాట్లాడండి.