షికాగో, షికాగో

జపాన్ ఛాయాచిత్రకారుడు యసుహిరో ఇషిమోతో (1921–2012) నలుపు తెలుపు ఫోటోల పుస్తకం. 1969లో టోక్యోలోని బిజుత్సు షుప్పాన్‌షా ప్రచురించింది. పుస్తకం జపాన్‌దే అయినా అందులోని ఊరు అమెరికాది.

ఇషిమోతో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టి, జపాన్‌లోని కోచిలో పెరిగి, 1939లో అమెరికాకు తిరిగొచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న మిగతావారితో పాటు అతన్నీ కొలరాడోలోని అమాచీ శిబిరంలో నిర్బంధించారు. అతను కెమెరా పట్టడం నేర్చింది అక్కడే. ఆ తర్వాత షికాగోలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో హ్యారీ కాలహన్, ఆరన్ సిస్కిండ్‌ల దగ్గర చదివాడు. తనను ముళ్లకంచె వెనక ఉంచిన దేశాన్ని అతను కోపంతో కాక ఓపికగా, దగ్గరగా చూశాడు. ఈ పుస్తకానికి ప్రాణం ఆ చూపే.

ఫోటోలు ప్రధానంగా 1958–61 మధ్య రెండోసారి షికాగోలో ఉన్నప్పుడు తీసినవి. మంచులో కూరుకుపోయిన కార్లు, మిషిగన్ సరస్సు ఒడ్డున సేదదీరే జనం, హాలోవీన్ ముసుగుల్లో పిల్లలు, నల్లజాతి వారి వాడలు ఇందులో కనిపిస్తాయి. పిల్లల ఫోటోల దగ్గర పేజీ తిప్పబుద్ధి కాదు. పుస్తకానికి రూపకల్పన చేసినవాడు 1964 టోక్యో ఒలింపిక్స్ పోస్టర్లతో పేరుపొందిన యూసాకు కమెకురా. తొలి ముద్రణ ప్రతుల కోసం సేకరణకర్తలు ఇప్పటికీ వెతుకుతుంటారు. ఇషిమోతో చిత్రాల భాండాగారం కోచి కళా మ్యూజియంలో ఉంది.