పడవ త్రోవలో పల్లెసీమ

ఇనుపదారి రాకముందు గోదావరీ కృష్ణా మండలముల పల్లెలను చూడగోరినవారికి పడవయే బండి, కాలువయే బాట. ముంబయి కామాఠీపురములో రైలుకూతల నడుమ పెరిగిన మనకు ఈ ముచ్చట వింతగా తోచవచ్చును. మన పెద్దలలో పెక్కురు తెలంగాణపు చెరువుల నీరు త్రాగినవారే గాని కాలువలు ఎరిగినవారు కారు. అయినను ఈ చరిత్రలో మనకు చెందవలసిన మాట యొకటి కలదు.

1847లో ధవళేశ్వరమువద్ద ఆరంభమైన ఆనకట్ట 1852 నాటికి పూర్తి అయ్యెను. విజయవాడయొద్ద కృష్ణకు కట్టినది 1855లో ముగిసెను. ఆర్థర్ కాటన్ దొర కాలువలను పైరుకే గాక ప్రయాణమునకును పనికివచ్చునట్లు తలపెట్టెను. రాదారి పడవ గాలి అనుకూలించినపుడు తెరచాపతో సాగును. లేనిచో పడవవారు గట్టుమీద నడచుచు త్రాడుతో లాగుదురు. నీటిమట్టము మారుచోట లాకులుండును. పడవ లోనికి రాగానే వెనుక తలుపులు మూసి, నీరు నింపియో వదలియో మట్టములు సరిచేసి, ముందు తలుపులు తెరతురు. ఆ జాగులోనే ప్రయాణికుడు గట్టెక్కి ఊరు చూచివచ్చుటకు వీలు చిక్కును.

విజ్జేశ్వరమున బయలుదేరిన పడవ మొదట నిడదవోలు చేరును. కాకతి రుద్రమదేవి భర్తయైన వీరభద్రుని చాళుక్యవంశము ఏలిన చోటది. పిదప తాడేపల్లిగూడెము, ఏలూరు దాటి విజయవాడ. అటుపైని కొమ్మమూరు కాలువమీదుగా పెదగంజాము. అచ్చట బకింగుహాము కాలువలో ప్రవేశించి చెన్నపట్టణము. తూర్పుగోదావరి వైపు మరియొక కాలువ సామర్లకోటకు పోవును. దానికి చేరువనే పిఠాపురసంస్థానము. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ సంస్థానాధీశుని పోషణముననే వెలువడెను.

1802 నాటి శాశ్వత పైసలాతో స్థిరపడిన జమీందారీలు 1948 నాటి శాసనముతో రద్దు కాసాగెను. ఆ నడిమికాలమున పడవమీదినుండి ఒక గట్టున దివాణపు తెల్లగోడయు, దాని వెనుక శిస్తు కట్టలేని రైతు పూరిపాకయు ఒకేచూపులో కానవచ్చుచుండెను. రైలు వేగమున ఈ రెండును కలిసి కంటబడవు.

అయితే ఆ కాలువ త్రవ్వినదెవరు? కాటన్ పేరు నిలిచినది. ఆయనకు తోడ్పడిన వీణెం వీరన్న పేరును నిలిచినది. పలుగు పట్టి, తట్ట మోసిన వేలాది ఉప్పరుల, వడ్డెరల పేర్లు ఏ రాతిమీదను లేవు. 1876–78 నాటి ధాత కరువున ఆకలిగొన్నవారికి కూలి కల్పించుటకే బకింగుహాము కాలువలోని కొంతభాగమును త్రవ్వించిరి. ఆ నీటిబాట ఆకలి త్రవ్విన బాట.

మన పెద్దలును అట్టివారే. 1784లో హార్న్‌బీ వెల్లార్డు కట్ట ముగిసిన పిదప, బొంబాయి పల్లపునేలలను పూడ్చుటకును, ఇండ్లు కట్టుటకును నైజాము సీమనుండి కామాఠీలు వచ్చిరి. అచ్చట కూలీలు నేలలోనికి నీరు తెచ్చిరి. ఇచ్చట మనవారు నీటినుండి నేల తెచ్చిరి. పేటకు కులవృత్తి పేరు దక్కెను గాని వ్యక్తి పేరు ఒక్కటియు దక్కలేదు.

తుఫానులు బకింగుహాము కాలువను చాల చెరచెను. 2008లో కాకినాడనుండి పుదుచ్చేరివరకు గల జలమార్గమును జాతీయమార్గముగా ప్రకటించిరి. నీటిబాటను పూడిక తీసి మరల తెరవవచ్చును. మరచిన పేర్లను తిరిగి రాబట్టుట సాధ్యము గాదు. పాతచాళ్ళ పునర్నిర్మాణము గూర్చి యోచనలు సాగుచున్న ఈ దినములలో, ప్రతి యింటివారును తమ తాతముత్తాతల పేరు, వారు విడిచివచ్చిన ఊరి పేరు, చేసిన పని ఒక కాగితముమీద వ్రాసి దాచినచో చాలును. చాళ్ళు కూలినను మన చరిత్ర కూలకుండును.