మన జిల్లాలలో సంచార వైద్యము: మందుల పెట్టె నుండి 104 బండి వరకు

ఈ శతవార్షికోత్సవ సంచికలో మందిరములు, పాఠశాలలు, ఆసుపత్రులు ఎట్లు కట్టబడినవో పెద్దలు వ్రాయుచున్నారు. నేను గోడలు లేని ఒక సేవను గూర్చి వ్రాయదలచినాను. అది రోగి యొద్దకు తానే నడచి వచ్చు వైద్యము. నూరేండ్లకు పైగా మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో అది ఏదో ఒక రూపమున తిరుగుచునే ఉన్నది. దానికి డబ్బు ఎవరు ఇచ్చారు, ఎంతకాలము ఇచ్చారు అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకములలో పుట్టలేదు. నేను సేవచేసిన ఒక పల్లె సంఘములో ఒక తల్లి ఉండేది. రక్తపోటు మనిషి. నెలకొకసారి వచ్చు బండి దగ్గర బిళ్లలు తీసికొని, ఆ కవరును చీర కొంగున ముడివేసికొని ఇంటికి వచ్చేది. బండి వచ్చే తేదీకి గోడ క్యాలెండరు మీద మనుమని చేత సున్న చుట్టించేది. ఒక నెల బండి రాలేదు. మరమ్మతు అన్నారు కొందరు, డీజిలు లేదన్నారు కొందరు. పట్నము పోయి కొనుక్కొనుటకు ఆటో కిరాయి, బిళ్లల ఖర్చు, పోయిన కూలి లెక్కవేసికొని, “వచ్చే నెల వస్తుంది గదా” అని ఊరకున్నది. వచ్చే నెల బండి వచ్చేసరికి ఆమె నోరు ఒక ప్రక్కకు పోయి, ఎడమచేయి పడిపోయి మంచము మీద ఉన్నది. కచేరీ లెక్కలలో అది ఒక నెల ఖాళీ. ఆ ఇంటిలో అది ఒక జీవితము.

ఇప్పుడు వెనుకకు పోవుదము. 1875లో కెనడా బాప్తిస్టు మిషనెరీలు భీమునిపట్నములో పని ఆరంభించి, తరువాత బొబ్బిలి, శ్రీకాకుళము, విజయనగరము, పాలకొండ, టెక్కలి, సోంపేట మొదలగు చోట్లకు విస్తరించారు. చలికాలము వచ్చినదంటే గుడారములు, పుస్తకములు, మందుల పెట్టె ఎడ్లబండి మీద వేసికొని పల్లెలు తిరిగేవారు. చింతచెట్టు క్రింద గుడారము వేసినచోట వాక్యము వినుటకు పదిమంది వస్తే, పుండ్లు కడిగించుకొనుటకు, చలిజ్వరపు మందుకు నలుబదిమంది వచ్చేవారని చెప్పినా అతిశయోక్తి కాదు. సాలూరులో లూథరను మిషను వారి ఫిలడెల్ఫియా కుష్ఠురోగుల ఆసుపత్రి, సోంపేటలో ఆరోగ్యవరము కంటి ఆసుపత్రి అట్టి సేవకు స్థిరరూపములు. సోంపేటలో పనిచేసిన డాక్టరు బెన్ గల్లిసన్ విన్నపము విని, 1963లో కెనడాలోని కాల్గరీ పట్టణపు వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ ‘ఆపరేషన్ ఐసైట్’ అను సంస్థను స్థాపించారు. మన సోంపేట పేరు ఆ విధముగా అనేక దేశముల నేత్రవైద్య చరిత్రలో చేరినది.

ఆ సేవకు మనము ఎంతయో ఋణపడి ఉన్నాము. అయినను ఒక మాట నిజాయితీగా ఒప్పుకొనవలెను. ఆ మందుల పెట్టె సముద్రము ఆవలి విశ్వాసుల చందాల మీద ఆధారపడి ఉండేది. చలికాలము పోతే గుడారము లేచిపోయేది. దొరగారు సెలవు మీద స్వదేశము వెళ్తే పెట్టె మూతపడేది. ప్రేమకు లోటు లేదు, కాని రేపటికి పూచీ లేదు.

ఆ పూచీ ప్రభుత్వము వహించవలెనని చెప్పినది భోర్ కమిటీ. 1943లో నియమింపబడిన ఆ సంఘము 1946లో తన నివేదిక ఇచ్చినది. డబ్బు లేదను కారణముచేత ఎవరును వైద్యమునకు దూరము కాకూడదన్నది దాని మూలసూత్రము. మన రాజ్యాంగపు 47వ అధికరణము ప్రజారోగ్యమును మెరుగుపరచుట రాజ్యము యొక్క ప్రధాన విధులలో ఒకటి అన్నది. ఆ త్రోవలోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు వచ్చినవి. మైదానములో 30,000 మందికి, కొండ ప్రాంతములో 20,000 మందికి ఒకటి అన్నది ప్రమాణము. అయితే జనాభా లెక్క వేరు, దారి లెక్క వేరు. కురుపాము, గుమ్మలక్ష్మీపురము, సీతంపేట కొండలలో 20,000 మంది ఎన్ని గూడెములలో చెదరి ఉందురో ఆ త్రోవలు నడచినవారికి తెలియును. రోగిని డోలీలో మోసుకొని వచ్చువారికి ఆసుపత్రి ఎంత దూరమో మైళ్లలో చెప్పలేము, భుజముల నొప్పితో చెప్పవలెను.

2005లో కేంద్రప్రభుత్వము జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషనును ప్రారంభించి, సంచార వైద్యశాలలకు కూడ రాష్ట్రములకు నిధులిచ్చుటకు పూనుకొన్నది. 2008లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 104 బండ్లు బయలుదేరినవి. రాష్ట్రమంతటికి 475. ఆరోగ్య కేంద్రమునకు మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న గ్రామములకు నెలకొకసారి, నియమిత దినమున, బండి రావలెను. గర్భిణీ స్త్రీలను, చిన్నపిల్లలను చూచుట, రక్తపోటు, మధుమేహము, ఉబ్బసము, మూర్ఛ ఉన్నవారిని పరీక్షించి నెలకు సరిపడు మందులు ఇచ్చుట దాని పని. మొదట ఆ బండిలో వైద్యుడు ఉండేవాడు కాడు. వైద్యుడు లేని వైద్యమేమిటని విమర్శ వచ్చినది, అది న్యాయమైనదే. కాని ‘నియమిత దినము’ అన్నది గొప్ప ఆలోచన. రక్తపోటు, మధుమేహము ఒక్కనాటి మందుతో పోయే జబ్బులు కావు. ముప్పది దినములకు ముప్పది బిళ్లలు, మరల ముప్పది. రోగి ప్రాణము ఆ తేదీ మీద నిలిచియున్నది.

డబ్బు సంగతి చూడుడి. తొలుత ఈ పనిని నడిపినది సత్యం కంప్యూటర్స్ అధిపతి స్థాపించిన హెచ్.ఎం.ఆర్.ఐ. అను సంస్థ, ఖర్చులో అధికభాగము భరించినది ప్రభుత్వము. 2009 జనవరిలో సత్యం లెక్కల మోసము బయటపడినప్పుడు కంపెనీ కూలినది గాని బండ్లు కూలలేదు, ఏలయనగా వాటి క్రింద ప్రజల పన్నుల సొమ్ము ఉన్నది. తరువాత నిర్వహణ చేతులు మారినది. 2016లో ‘చంద్రన్న సంచార చికిత్స’ అని పేరు మారినది. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 వాహనములు కలిపి 1,088 ఒకేసారి బయలుదేరినవి. 2023 ఏప్రిల్ 6న ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టరు విధానములో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడే ఆ బండిలో నెలకు రెండుసార్లు గ్రామమునకు రావలెనని నిర్ణయించారు. 2024లో మరల ప్రభుత్వము మారినది. పేర్లు, రంగులు మారుచు వచ్చినవి గాని, 104 అను అంకె మన పల్లె ముసలివారి నోట నిలిచిపోయినది.

ఈ చరిత్రలో నాకు కనబడు పాఠము ఇది. బండి కొనుటకు డబ్బు తేలికగా పుట్టును. జెండా ఊపుదురు, ఫోటోలు తీయుదురు. టైరు మార్చుటకు, డీజిలు పోయుటకు, బిళ్లలు నింపుటకు, మందులిచ్చు ఆమెకు నెల జీతమిచ్చుటకు కావలసిన డబ్బుకు ఎవరూ జెండా ఊపరు. అయితే ఆ తల్లి చేయి పడిపోయినది బండి లేక కాదు. ఆ నెల అది కదలక.

ఉద్దానమునే చూడుడి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలోని ఆ కొబ్బరి, జీడితోటల సీమలో మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో మనలో అనేకులకు స్వంత ఇంటి అనుభవము. దాని కారణము ఇంకను నిశ్చయముగా తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రము, దానితోపాటు ఉద్దానమునకు మంచినీటి పథకము ప్రారంభమైనవి. చాల సంతోషము. కాని ఈ జబ్బు మొదట నొప్పి పెట్టదు. కాళ్లు వాచి, ఆయాసము వచ్చునాటికి చాలవరకు ఆలస్యమైపోవును. దానిని ముందే పట్టునది రక్తములో క్రియాటినిన్ పరీక్ష, రక్తపోటు కొలత. పెద్ద ఆసుపత్రి ఎంత గొప్పదైనను, నొప్పిలేని మనిషి తనంతట అక్కడికి పోడు. వీధి చివరకు వచ్చిన బండి దగ్గరకు పోవును.

ఇది మనకు మాత్రమే వచ్చిన చిక్కు కాదు. స్కాట్లండు ఉత్తర కొండలలో, దీవులలో బీదలకు వైద్యుడు అందనప్పుడు, 1913లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టము చేసి, ఏటేట 42,000 పౌనులు ఆ ప్రాంతపు వైద్యమునకు కేటాయించినది. దూరపు ఖర్చు రోగి మీద పడకుండ వైద్యుని ప్రయాణమునకు ప్రభుత్వము చెల్లించినది. అందులోని కీలకము ‘ఏటేట’ అను మాటలో ఉన్నది. మన దేశములో 2017 జాతీయ ఆరోగ్య విధానము, 2025 నాటికి ప్రభుత్వ ఆరోగ్య వ్యయము స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతమునకు చేరవలెనన్నది. 2021–22లో అది 1.84 శాతము. ఆ ఏడు దేశములో వైద్యమునకైన ప్రతి నూరు రూపాయలలో 39 రూపాయలకు పైగా ప్రజలే తమ జేబునుండి పెట్టుకొన్నారు.

మరి మనమేమి చేయగలము? మన సంఘములలో పెద్ద పట్టణపు ఉద్యోగులు కొద్దిమంది, కూలి చేయువారు, రైతులు ఎక్కువ. అయినను చేయగలిగినవి ఉన్నవి. బండి వచ్చు దినమును ఆదివారపు ప్రకటనలలో చదువుడి. నడవలేనివారిని యౌవనస్థులు తీసికొనిపోవలెను. బండి రాని దినమును ఒక పుస్తకములో వ్రాసి పెట్టుడి. గ్రామసభలో కోపముతో కాక ఆ పుస్తకముతో లేచి నిలువుడి. ‘బండి కావలెను’ అని అడుగుట పాత మాట. ‘ఈ ఏడు డీజిలుకు, మందులకు ఎంత కేటాయించారు?’ అని అడుగుట నేర్చుకొందము. ఇది భిక్ష కాదు, మన పన్నుల సొమ్ము.

యెరికో త్రోవలోని సమరయుని కథ మనమందరము ఎన్నోమార్లు ప్రసంగములలో విన్నాము. నూనెను, ద్రాక్షారసమును, గాయములకు కట్టిన కట్లను బోధకులము ఎక్కువగా చెప్పుదుము. నాకు ఇటీవల ఆ కథ చివరి భాగము ఎక్కువ తోచుచున్నది. అతడు గాయపడినవానిని పూటకూళ్ల ఇంట చేర్చి వెళ్లిపోలేదు. మరునాడు రెండు దేనారములు ఇచ్చి, ఇంకను ఖర్చయినయెడల తిరిగి వచ్చి తీర్చెదనని మాట ఇచ్చాడు. ఆ రెండు దేనారములు మొదటి నెల సొమ్ము. ఆ మాట రెండవ నెలకు, మూడవ నెలకు పూచీ.

మా తల్లి ఇప్పుడు మనుమని చేయి పట్టుకొని మెల్లగా గుడికి వచ్చుచున్నది. ఆమె ఇంటి గోడ మీద క్యాలెండరు ఇంకను ఉన్నది. ఆ తేదీ చుట్టు సున్న కూడ ఉన్నది.