ఊరినే పైకెత్తారు!

హ్యూస్టన్‌లో ఉండే మనవాళ్ళకి గాల్వెస్టన్ అంటే వీకెండ్ బీచ్, అంతే. అక్కడ బీచ్ రోడ్డుని మోస్తున్న గోడ కథ చాలామందికి తెలీదు.

1900 సెప్టెంబరు 8 తుఫానుకి ఆ ఊళ్ళో కనీసం 6,000 మంది పోయారు. ఊరి మొత్తానికీ ఎత్తైన చోటే 9 అడుగుల లోపు, ఉప్పెనేమో 15 అడుగులు. గోడ కట్టాలన్న మాట అంతకుముందూ ఉంది. వాతావరణ అధికారి ఐజక్ క్లైన్ 1891లో పత్రికలో రాసి మరీ అక్కర్లేదన్నాడు. పాపం, ఆ తుఫానులో ఆయన భార్యా పోయింది.

తర్వాత ముగ్గురు ఇంజనీర్లని పిలిచారు. (అందులో హెన్రీ రాబర్ట్, మీటింగులు ఎలా నడపాలో పుస్తకం రాసినాయనే. మన స్టేటస్ మీటింగులు చూడలేదు, అదృష్టవంతుడు!) 17 అడుగుల గోడొక్కటే చాలదు, ఊరినీ ఎత్తమన్నారు వాళ్ళు. నా దృష్టిలో అసలు తెలివి ఇక్కడే ఉంది. 1903 నుంచి 1911 దాకా రెండువేల పైచిలుకు కట్టడాల్ని జాకీలతో లేపి, ఇసుకని నీళ్ళతో కలిపి గొట్టాల్లో పంపి కింద నింపారు. 3,000 టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చికి 700 జాకీలు పట్టాయిట! జనం చెక్కబాటల మీద నడుస్తూ అక్కడే కాపురాలు చేశారు. ఎవరిల్లు లేపే ఖర్చు వాళ్ళదే.

1915లో అలాంటి తుఫానే మళ్ళీ వస్తే ఊళ్ళో పోయినవాళ్ళు వంద లోపే.

అయితే గోడ ముందున్న బీచ్‌ని అలలు కోసేశాయి, ఇప్పుడు ఇసుక తెచ్చి పోస్తుంటారు. 2008లో ఐక్ తుఫాను నీళ్ళు ఊళ్ళోకి ఎక్కువగా వచ్చింది వెనక బే వైపునుంచి. అటు గోడ లేదు.