బడ్జెట్‌లో ఉన్న ఫీజు డబ్బులు కాలేజీకి ఎందుకు చేరవు?

కోర్సు పూర్తయింది. ఉద్యోగంలో చేరడానికి ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే ‘మీ రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు, ముందు ఫీజు కట్టండి’ అంటోంది కాలేజీ. తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమంది విద్యార్థులు ఎదుర్కొంటున్న సమస్య ఇది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ పథకానికి ఏటా బడ్జెట్‌లో కేటాయింపు ఉంటుంది. మరి బకాయిలు ఎందుకు?

కేటాయింపు వేరు, విడుదల వేరు

బడ్జెట్‌లో కనిపించేది ఖర్చుకు అనుమతి మాత్రమే. ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, బిల్లు ట్రెజరీకి వెళ్లాలి, అక్కడ డబ్బు ఉండాలి. అనుకున్న ఆదాయం రాకపోతే బిల్లులు ట్రెజరీలోనే ఆగిపోతాయి.

కోత చదువుపైనే ఎందుకు?

జీతాలు, పింఛన్లు, వడ్డీలు ఆపడం కష్టం. అప్పు తెచ్చుకోవడానికీ హద్దుంది. కేంద్రానికి బాకీ ఉన్న రాష్ట్రం రాజ్యాంగంలోని 293(3) అధికరణం ప్రకారం కేంద్రం అనుమతి తీసుకోవాలి. సాధారణ పరిమితి రాష్ట్ర జీఎస్‌డీపీలో 3 శాతం. దాంతో ఫీజులు, స్కాలర్‌షిప్‌లు, కాంట్రాక్టర్ల బిల్లుల వంటివి వాయిదా పడతాయి. కోత పెట్టినట్టు జీవో ఏదీ రాదు, డబ్బు మాత్రం రాదు.

ఎస్సీ విద్యార్థులకు రెట్టింపు దెబ్బ

పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం. రాష్ట్రం తన వాటా ఇచ్చాకే కేంద్రం వాటా విద్యార్థి ఖాతాలో పడాలన్నది నిబంధన. అంటే రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండూ ఆగుతాయి.

మీరేం చేయొచ్చు?

• ముందుగా తెలంగాణలో ఈ-పాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టల్‌లో మీ దరఖాస్తు ఏ దశలో ఉందో చూడండి. వెరిఫికేషన్ దగ్గరే ఆగి ఉంటే అది నిధుల సమస్య కాదు. కాలేజీలోనో, సంక్షేమ శాఖ కార్యాలయంలోనో సరిచేయించుకోవచ్చు.

• మంజూరైనా డబ్బు రాకపోతే, బిల్లు ఎప్పుడు ట్రెజరీకి వెళ్లిందో సమాచార హక్కు చట్టం కింద జిల్లా సంక్షేమ అధికారిని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

• విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి. అయినా ఇవ్వకపోతే యూనివర్సిటీకి, యూజీసీకి ఫిర్యాదు చేయండి.

• బడ్జెట్ పత్రాల్లో ఈ ఏడాది కేటాయింపుతో పాటు అంతకుముందు చేసిన వాస్తవ ఖర్చు కూడా ఉంటుంది. ఆ వాస్తవ ఖర్చును అదే ఏడాది బడ్జెట్‌లో చేసిన కేటాయింపుతో పోల్చి చూస్తే అసలు కోత ఎంతో మీకే తెలుస్తుంది.